ఇంటి తలుపు మూయకండి

(ఆసుపత్రి ప్రార్థన హాలులో, రోగుల వెంట వచ్చిన కుటుంబ సభ్యులకు ఒక స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం)



అమ్మలారా, అయ్యలారా, ఈ హాలులో మనం షుగరు గురించి, బీపీ గురించి, క్షయ గురించి, కాన్పు జాగ్రత్తల గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు నేను చెప్పబోయేది జబ్బు గురించి కాదు. జబ్బు కానిదాన్ని జబ్బు అనుకోవడం వల్ల, పరువు తక్కువ అనుకోవడం వల్ల, మంచి ఆరోగ్యంతో ఉన్న పిల్లలు మా క్యాజువాలిటీకి ఎలా వస్తున్నారో చెబుతాను. వినడానికి కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చు. చెప్పడానికి నాకు కూడా మొదట్లో ఇబ్బందిగానే ఉండేది. దయచేసి చివరి వరకు వినండి.

కొన్నేళ్ళ క్రిందట ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు ఒక అబ్బాయిని ఆటోలో తెచ్చారు. ఇరవై రెండేళ్ళు ఉంటాయి. డిప్లొమా చదివి జిరాక్సు షాపులో పనిచేస్తున్నాడు. మిరప చేనుకు కొట్టే పురుగుల మందు తాగాడు. నోట్లో నురగ, ఒళ్ళంతా చెమట, కంటి పాపలు సూది మొనంత అయిపోయాయి. రాత్రంతా అట్రోపిన్ ఇంజక్షన్లు ఇస్తూనే ఉన్నాం. రెండవ రోజు ఊపిరి అందక వెంటిలేటరు పెట్టవలసి వచ్చింది. ఎందుకు తాగాడని అడిగితే ఇంటివాళ్ళు "కడుపునొప్పి సిస్టరమ్మా, తట్టుకోలేక తాగాడు" అన్నారు. మా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం మంది మొదట కడుపునొప్పి అనే చెబుతారు. మేము కూడా రాసుకుంటాం.

గొట్టం తీసిన తరువాత రాత్రి డ్యూటీలో ఆ అబ్బాయి తనంతట తానే చెప్పాడు. "సిస్టర్, నాకు ఆడపిల్లల మీద మనసు పోదు. పదమూడు పధ్నాలుగేళ్ళ నుంచీ అంతే. తెల్లవారితే పెళ్ళిచూపులు. ఎవరికి చెప్పాలి? ఆ అమ్మాయి జీవితం పాడుచేయలేక తాగాను." అంతే చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఈ సంగతి మీకు చెప్పడానికి ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. పేరు, ఊరు చెప్పను. గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.

వాళ్ళమ్మ వరండాలో నన్ను పట్టుకొని అడిగింది. "పుట్టువెంట్రుకలు తీయకముందు ముద్దుగా ఉంటుందని వాడికి పూలజడ వేసి, గౌను తొడిగి ఫోటో తీయించాను సిస్టరమ్మా. దానివల్లే ఇట్లా అయ్యాడా?" ఆ తల్లి అన్నేళ్ళూ ఆ ఫోటోను బీరువాలో బట్టల కింద దాచిపెట్టింది. మీలో కూడా ఎవరైనా ఇలాంటి ప్రశ్న మనసులో పెట్టుకొని ఉంటే, వారికోసం ముందుగా ఇది చెబుతాను.

ఇది ఏమిటి?

మూడు విషయాలను వేరువేరుగా అర్థం చేసుకోవాలి. మొదటిది, పుట్టినప్పుడు శరీరం ఎలా ఉంది అనేది. రెండవది, తాను ఆడ అని గాని, మగ అని గాని లోపల మనసుకు ఏమి తెలుస్తుంది అనేది. మూడవది, పెద్దయ్యాక ఎవరి మీద ప్రేమ, ఆకర్షణ కలుగుతుంది అనేది. మనలో ఎక్కువమందికి ఈ మూడూ ఒకే దారిలో ఉంటాయి కాబట్టి వీటి గురించి ఆలోచించవలసిన అవసరమే రాదు. కొందరికి అలా ఉండవు.

మగపిల్లవాడిగా పుట్టి తాను ఆడపిల్లనని, ఆడపిల్లగా పుట్టి తాను మగవాడినని మనసులో స్థిరంగా తెలిసినవారిని ట్రాన్స్‌జెండర్ అంటున్నాం. హిజ్రాలలో ఎక్కువమంది ఇలాంటివారే. మగవారిమీద మనసుపడే మగవారిని గే అని, స్త్రీలమీద మనసుపడే స్త్రీలను లెస్బియన్ అని అంటారు. వీళ్ళ నడక, మాట, వేషం మిగిలినవారిలాగే ఉండవచ్చు. మన పక్కింట్లో ఉన్నా మనకు తెలియదు. మన ఇంట్లో ఉన్నా తెలియకపోవచ్చు.

ఇంకొంతమంది పిల్లలు పుట్టుకతోనే ఆడ, మగ అని వెంటనే చెప్పలేని అవయవాలతో పుడతారు. అలాంటి బిడ్డ పుడితే సిగ్గుపడి ఇంట్లో దాచకండి. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. వారిలో కొందరికి ఒంట్లో ఉప్పు తగ్గిపోయి, పుట్టిన రెండు మూడు వారాల్లోనే వాంతులు, నీరసంతో ప్రాణం మీదికి వస్తుంది. సకాలంలో మందు ఇస్తే ఆ బిడ్డ బ్రతుకుతుంది.

ఎందువల్ల వస్తుంది? మందు ఉందా?

గౌను తొడిగినందువల్ల రాదు. తల్లి గారాబం వల్ల, తండ్రి దూరంగా ఉండటం వల్ల రాదు. సినిమాలు చూసినందువల్ల, స్నేహాలవల్ల రాదు. గాలి సోకడం, చేతబడి అసలే కాదు. ఎవరో ఒకరు అంటిస్తే అంటుకొనేది కాదు. ఆ తల్లికి నేను ఇదే చెప్పాను: "అమ్మా, ఆ ఫోటో బయటికి తీసి గోడకు పెట్టుకో. అందులో నీ తప్పేమీ లేదు."

ఇది జబ్బు కాదు కాబట్టి దీనికి మందు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుండి తీసివేసింది. ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని కూడా మానసిక రోగాల జాబితా నుండి తొలగించింది. ఆ కొత్త జాబితా 2022 జనవరి నుండి అమలులో ఉంది. మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో ఇది జబ్బు కాదని ప్రకటించింది. "మీవాణ్ణి మారుస్తాం" అని చెప్పి షాకులు, హార్మోను ఇంజక్షన్లు, నిద్రమాత్రలు ఇచ్చే డాక్టరు చేసేది వృత్తిపరమైన తప్పు అని 2022 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషన్ రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళకు తెలియజేసింది. కాబట్టి అలాంటివారి చుట్టూ తిరిగి డబ్బు పోగొట్టుకోకండి. బిడ్డ మనసు అంతకంటే ముందు పోతుంది.

ప్రార్థన గురించి కూడా చెప్పాలి. బిడ్డ కోసం ప్రార్థన చేయండి, ఎంతైనా చేయండి. అయితే దయ్యం పట్టిందని కొట్టడం, పస్తులు ఉంచడం, గదిలో పెట్టి తాళం వేయడం, వాతలు పెట్టడం ప్రార్థన కాదు. అలాంటి గాయాలకు నేను కట్లు కట్టాను కాబట్టి చెబుతున్నాను. అది ఏ మతం వారు చేసినా గాయం ఒక్కటే.

పెళ్ళి చేస్తే సర్దుకుంటుందా?

పల్లెల్లో అందరూ చెప్పే మందు ఇదే. "పెళ్ళి చేయండి, అదే దారిలో పడతాడు" అంటారు. అమ్మా, ఒక ఇంట్లో ఉన్న బాధను రెండు ఇళ్ళకు పంచడమే ఇది. ఏమీ తెలియని ఒక ఆడపిల్ల అత్తగారింటికి వచ్చి, తనలోనే ఏదో లోపముందని ఏళ్ళ తరబడి ఏడుస్తుంది. పిల్లలు కలగలేదని గైనిక్ ఓపీకి తిరుగుతుంది. పరీక్షలన్నీ ఆమెకే. స్త్రీలమీద మనసుపడే అమ్మాయికి బలవంతంగా పెళ్ళి చేస్తే, ఆమెకు ప్రతి రాత్రీ శిక్షే. మీ బిడ్డ "నాకు పెళ్ళి వద్దు" అని ఒకటికి రెండుసార్లు అంటే, ముహూర్తం పెట్టకముందే కూర్చోబెట్టుకొని నెమ్మదిగా అడగండి.

నేను చేసిన తప్పు

మీకు నీతులు చెప్పే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. సుమారు ఇరవై ఏళ్ళ క్రిందట, నేను వేరొక చోట పనిచేసేటప్పుడు, ఒక హిజ్రా జ్వరంతో ఓపీకి వచ్చింది. ఆడవాళ్ళ వరుసలో నిలబడితే మగవాళ్ళ వరుసలోకి పొమ్మన్నారు. అక్కడికి వెళితే వాళ్ళు ఈలలు వేశారు. చీటీ రాసే మనిషి, పేరు ఆడ పేరు రాయాలా మగ పేరు రాయాలా అని గట్టిగా అడిగి నవ్వాడు. నేను పక్కనే ఉన్నాను. నేను కూడా నవ్వాను. ఆమె మధ్యాహ్నం వరకు అరుగుమీద కూర్చొని వెళ్ళిపోయింది.

మూడవ రోజు ఇద్దరు మోసుకొని తెచ్చారు. ఎక్కడో ఒక గదిలో, డాక్టరు కాని మనిషి చేత అవయవం తీయించుకుంది. ఆ పుండు చీము పట్టి, మూత్రం ఆగిపోయి, విషజ్వరం వచ్చింది. మొదటి రోజే చూసి ఉంటే అంతవరకు వచ్చేది కాదు. పెద్దాసుపత్రికి పంపించాం. తరువాత ఏమైందో నాకు తెలియదు. ఏ వార్డులో పెట్టాలని ఆ రోజు కూడా అరగంట వాదించుకున్నాం. నర్సింగ్ డిప్లొమా తీసుకున్న రోజున దీపం పట్టుకొని ప్రమాణం చేసిన నేను ఆ నవ్వు నవ్వాను. ఇప్పటికీ ఓపీలో వరుస చూస్తే నాకు ఆ అరుగు గుర్తుకు వస్తుంది.

అందువల్ల ట్రాన్స్‌జెండర్ బిడ్డలున్న తల్లిదండ్రులకు ఒక మాట. శరీరం మార్చుకోవాలనే ఆలోచన వారికి ఉంటే, చాటుమాటు ఆపరేషన్లకు పోనివ్వకండి. రక్తం పోయి, ధనుర్వాతం వచ్చి, మూత్రనాళం మూసుకుపోయి చనిపోయే ప్రమాదం ఉంది. గర్భం రాకుండా వేసుకొనే మాత్రలను తమంతట తామే గుప్పెడు గుప్పెడు మింగేవారున్నారు. కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టవచ్చు. తెలిసిన డాక్టరు పర్యవేక్షణలోనే ఏదైనా చేయాలి. మీరు వెంట వస్తే వారు డాక్టరు దగ్గరికి వస్తారు. మీరు వెళ్ళగొడితే ఆ గదికే పోతారు.

పల్లెలోనూ చిన్న ఊరిలోనూ

2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాకుండా "ఇతరులు" అని దేశంలో 4,87,803 మంది నమోదయ్యారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. దేశం మొత్తం మీద వీరిలో మూడింట రెండు వంతుల మంది పల్లెల్లోనే ఉన్నట్టు లెక్క తేలింది. "ఇవన్నీ పట్నం వాళ్ళ పోకడలు, మన ఊళ్ళో లేవు" అనే మాట అందువల్ల నిజం కాదు. మన ఊళ్ళోనే పుడుతున్నారు. మన ఊళ్ళో బ్రతకలేక పట్నం పోతున్నారు.

పట్నంలో ఎవరినీ ఎవరూ పట్టించుకోరు. పల్లెలో అలా కాదు. మన పిల్లవాడి నడక మీద టీ బంకు దగ్గర మాట పుడితే సాయంత్రానికి పక్క ఊరు చేరుతుంది. బడిలో వెక్కిరిస్తారు, పిల్లవాడు చదువు మానేస్తాడు. ఇంట్లో అన్న కొడతాడు. ఒక రోజు రైలు ఎక్కుతాడు. చదువు లేక, చేతిలో పని లేక, ఆధార్ కార్డు కూడా లేక రైళ్ళల్లో అడుక్కొనే బ్రతుకు అక్కడ మొదలవుతుంది. మనం చిల్లర ఇచ్చి పంపించేసే ఆ మనిషికి కూడా ఎక్కడో ఒక ఇల్లు, ఒక అమ్మ ఉన్నారు.

అయితే పల్లెలో ఉన్న మేలు పట్నంలో లేదు. ఇక్కడ ఒక్క పెద్దమనిషి గట్టిగా నిలబడితే పదిమంది నోళ్ళు మూతపడతాయి. ఒక మేనమామ, ఒక పెద్దమ్మ, ఒక టీచరు, ఒక పాస్టరుగారు, ఒక ఆశా కార్యకర్త, వీళ్ళలో ఒక్కరు "వాడు మన పిల్లవాడే" అంటే చాలు, ఆ బిడ్డ ఊళ్ళో ఉండగలుగుతాడు. ఆ ఒక్కరు మీరు కావచ్చు.

ఇంట్లో మీరు చేయవలసినవి

1. బిడ్డ చెప్పినప్పుడు ముందు వినండి. ఆ మాట చెప్పడానికి ఎన్నో ఏళ్ళు పట్టి ఉంటుంది. ఏమనాలో తెలియకపోతే "సరే నాయనా, అన్నం తిను, తరువాత మాట్లాడుకుందాం" అనండి. ఆ రోజుకు అంతే చాలు.

2. వారి అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకండి. వియ్యాలవారికి గాని, సంఘంలో గాని, ప్రార్థన విన్నపం పేరుతో గాని బయట పెట్టకండి.

3. కొట్టకండి. ఫోను లాక్కొని గదిలో బంధించకండి. చదువు, పని మానిపించకండి. చేతిలో పని ఉన్న మనిషి నిలబడతాడు.

4. కొజ్జా, మాడా వంటి మాటలు ఇంట్లో ఎవరి గురించీ వాడకండి. టీవీలో వాళ్ళను చూసి మీరు నవ్వే నవ్వు, మీ పక్కన కూర్చున్న మీ బిడ్డ వింటున్నాడు. మీకు చెప్పవచ్చో లేదో అప్పుడే తేల్చుకుంటాడు.

5. శుభకార్యాలకు, పండుగలకు పిలవండి. ఆస్తిలో, రేషను కార్డులో పేరు తీసేయకండి.

6. హెచ్.ఐ.వి. గురించి భయపెట్టకండి, పరీక్ష గురించి చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని కేంద్రాలలో పరీక్ష ఉచితం, వివరాలు రహస్యంగా ఉంచుతారు. మందులు 2004 నుండి ఉచితంగా ఇస్తున్నారు. 1097కు ఫోను చేసి అడగవచ్చు.

7. మీకు కూడా దుఃఖం వస్తుంది. అది సహజం. తల్లిదండ్రులు కట్టుకున్న ఆశలు ఉంటాయి. ఆ దుఃఖం బిడ్డ మీద కోపంగా చూపకుండా, నమ్మకమైన ఒక్కరితో చెప్పుకోండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. బిడ్డా మాట్లాడవచ్చు, మీరూ మాట్లాడవచ్చు.

ప్రాణం మీదికి వచ్చే సూచనలు

నిద్ర పోకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, తన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం, "నేను లేకపోతే మీకు పరువు నిలుస్తుంది" వంటి మాటలు అనడం. ఇవి కనిపిస్తే ఒంటరిగా వదలకండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అలా అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. పురుగుల మందు డబ్బాలు ఇంట్లో, పశువుల కొట్టంలో ఉంచకండి, తాళం వేసిన చోట పెట్టండి.

ఒకవేళ తాగితే ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు పోసి వాంతి చేయించకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తుంది. మందు పడిన బట్టలు తీసేసి, మీ చేతికి కవరు తొడుక్కొని ఒళ్ళు సబ్బునీళ్ళతో కడగండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోను చేయండి. డబ్బా వెంట తీసుకొని రండి. పోలీసు కేసుకు భయపడి ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన బాధలో ఉన్నవాడిగానే చూడాలి.

చట్టం ఏమంటుంది?

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడవ లింగంగా గుర్తించి, వారికి అందరితో సమానమైన హక్కులున్నాయని తీర్పు చెప్పింది. 2018 సెప్టెంబరు 6న, ఇష్టపూర్వకంగా కలిసి ఉండే ఇద్దరు పెద్దవాళ్ళ సంబంధం, వారు ఏ లింగం వారైనా, నేరం కాదని చెప్పింది. స్వలింగ వివాహాన్ని మాత్రం 2023 అక్టోబరులో గుర్తించలేదు, అది పార్లమెంటు పని అన్నది. ట్రాన్స్‌జెండర్ల రక్షణకు 2019లో చేసిన చట్టం 2020 జనవరి నుండి అమలులోకి వచ్చింది. బడిలో, ఆసుపత్రిలో, ఉద్యోగంలో వివక్ష చూపరాదని ఆ చట్టం చెప్పింది. హైదరాబాదు ప్రాంతంలో హిజ్రాల పేర్లను పోలీసు రిజిస్టరులో ఎక్కించే 1919 నాటి చట్టాన్ని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. గుర్తింపు పత్రాల గురించి కలెక్టరు కార్యాలయంలోనూ, పింఛను గురించి మీ ఊళ్ళో పింఛన్లు ఇచ్చేచోటా అడగండి.

2022లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్‌పాల్ అనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. చదువు మానిపించకపోతే మన పిల్లలు ఎక్కడికి చేరగలరో చూడండి.

మన విశ్వాసం

ఈ విషయంలో సంఘ పెద్దలందరి అభిప్రాయం ఒక్కటి కాదని నాకు తెలుసు. నేను వేదపండితురాలిని కాదు, నర్సును. నాకు తెలిసింది మంచి సమరయుడి కథ. దారిలో పడి ఉన్న మనిషిని అతడు "నీవు ఎవరివి, ఎలాంటివాడివి" అని అడగలేదు. గాయాలు కడిగి, నూనె రాసి, కట్టు కట్టి, పూటకూళ్ళ ఇంటికి చేర్చి, ఖర్చు కూడా ఇచ్చాడు. ముందే ఆ దారిన వెళ్ళిన ఇద్దరూ భక్తిపరులే, కాని ప్రక్కగా తప్పుకొని పోయారు. అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుని సంగతి కూడా చదవండి. ఫిలిప్పు అతని రథం ఎక్కి పక్కన కూర్చున్నాడు. అతడు బాప్తిస్మం అడిగితే కాదనలేదు. అతడు సంతోషిస్తూ తన దారిన వెళ్ళాడని వ్రాయబడి ఉంది.

చివరిగా ఆ అబ్బాయి తండ్రి గురించి చెప్పి ముగిస్తాను. పదకొండు రోజులూ ఆయన గేటు దగ్గర వేపచెట్టు క్రిందే కూర్చున్నాడు. పొద్దున్నే టీ ఫ్లాస్కు, బ్రెడ్డు తెచ్చి ఆయాకిచ్చి పంపేవాడు. లోపలికి రాడు. నేను వెళ్ళి అడిగితే "వాణ్ణి చూసి ఏం మాట్లాడాలో తెలియడం లేదమ్మా" అన్నాడు. "మాట్లాడవద్దు అయ్యా. పడుకొని పడుకొని వీపు పుండ్లు పడేటట్టు ఉంది. గోరువెచ్చని నీళ్ళు ఇస్తాను, వచ్చి తుడవండి" అన్నాను. వచ్చాడు. చెప్పులు బయట విడిచి, కొడుకును పక్కకు తిప్పి, వీపంతా మెల్లగా తుడిచాడు, పౌడరు వేశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. కొడుకు కళ్ళు మూసుకొని ఏడుస్తున్నాడు. మరునాడు నేను పిలవకుండానే వచ్చాడు.

పెళ్ళి మాట ఆగిపోయింది. ఆయనకు ఈ రోజుకీ అంతా మింగుడుపడలేదు. అన్నదమ్ముల దగ్గర తల వంచుకొనే ఉంటున్నానని నాతో అన్నాడు. అయినా కొడుకు సాయంత్రం షాపు మూసి ఇంటికి వచ్చేవరకు అన్నం తినడట. ఆ బిడ్డ బ్రతికి ఉండటానికి ఆ ఎదురుచూపు సగం కారణమని నేను నమ్ముతున్నాను.

మీ బిడ్డను పూర్తిగా అర్థం చేసుకోవడానికి మీకు కాలం పట్టవచ్చు. పట్టనివ్వండి. అంతవరకు ఇంటి తలుపు మాత్రం మూయకండి. ఈ విషయం మీద ఎవరైనా ఒంటరిగా మాట్లాడాలనుకుంటే మధ్యాహ్నం రెండు గంటల తరువాత నర్సుల గదికి రండి. మీ మాట గది దాటి పోదు.

ప్రభువు మీ ఇంటిని, మీ బిడ్డలనందరినీ కాపాడును గాక. ఆమేన్.